ప్రయాణము ఆగినపుడు విడిది యింటి బయానా ఎవరిది?

పన్నెండు సంవత్సరములకు ఒక్కమారు పూచు పువ్వును చూడవలెనని 2018వ సంవత్సరమున మా యింటిల్లిపాదియు ముచ్చటపడితిమి. కేరళ రాష్ట్రమున మున్నారు పట్టణమునకు చుట్టునుగల కొండలపై నీలకురింజి యను పొదలు కలవు. అవి 1994లో పూచినవి; 2006లో పూచినవి; మరల 2018లో పూయవలసి యుండెను. పూచిన యేడు కొండవాలు అంతయు నీలివన్నె దాల్చును. ఈసారి చూడనిచో మరల పూచునాటికి మా పిల్లలు పిల్లలుగా నుండరు. ఇంటి పెద్దల మాట చెప్పనక్కరలేదు. అందుచేత రెండు నెలలకు ముందే, ఆగస్టు 17వ తేదీ మొదలు మూడు రాత్రులకు, మున్నారులో నాలుగు గదుల విడిది యింటి నొకదానిని కుదుర్చుకొంటిమి. అద్దె ముప్పది వేల రూపాయలు. అందులో ఇరువది వేలు బయానాగా బ్యాంకు ద్వారా పంపితిమి. ఎర్ణాకుళమునకు రైలు టిక్కెట్లు కొంటిమి. పిల్లలు క్యాలెండరులో దినములు కొట్టివేయసాగిరి.

తరువాత జరిగినది అందరికిని తెలిసినదే. ఆగస్టు 9వ తేదీన ఇడుక్కి జలాశయపు తలుపులు, 1992 తరువాత మొదటిసారిగా, ఎత్తవలసి వచ్చినది. 15వ తేదీన కొచ్చి విమానాశ్రయములోనికి నీరు వచ్చి అది మూతపడినది. మరల 29వ తేదీన గాని తెరవబడలేదు. మున్నారునకు పోవు కొండదారులు అనేక చోట్ల మట్టిపెళ్లలు విరిగిపడి తెగిపోయినవి. మా రైలు రద్దయినది. మేము కట్టిన సంచులను విప్పి బట్టలు బీరువాలో పెట్టుకొంటిమి. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి శిబిరములలో తలదాచుకొన్న ఆ దినములలో మా వినోదయాత్ర నిలిచిపోవుట ఒక కష్టమని చెప్పుకొనుటకు మాకు నోరు రాలేదు.

కాని సొమ్ము మాట మిగిలినది. రైల్వే వారు తాము రద్దుచేసిన బండికి ఛార్జీ మొత్తమును తిరిగి యిచ్చిరి. దానికి మేము ఒక జాబు వ్రాయనైన అక్కరలేకపోయినది. విడిది యింటి యజమాని మాత్రము ఒప్పుకొనలేదు. ఆయన తేయాకు తోటలో పనిచేసి విరమించిన మనిషి. ప్రావిడెంటు ఫండు సొమ్ముతో ఆ యిల్లు కట్టి, యాత్రికులకిచ్చి, ఆ ఆదాయముపై బ్రతుకుచున్నాడు. "సార్, మా యిల్లు చెక్కుచెదరలేదు. గదులు కడిగి, దుప్పట్లు ఉతికి సిద్ధముగా నుంచితిని. మీ తేదీలకై వచ్చిన ఇద్దరు ముగ్గురిని వెనుకకు పంపితిని. మీరు రాలేకపోయిన నష్టము నాదెట్లగును?" అని ఆయన ఫోనులో అడిగెను. "మేము రాలేదా? దారి లేదు గదా! ఒక్క రాత్రియైన బసచేయని యింటికి ఇరువది వేలు ఎట్లు ఊరకొందుము?" అని మేమంటిమి.

ఇద్దరిలో ఎవరి మాటయు అబద్ధము కాదు. అట్లయిన ఆ సొమ్ము ఎవరిది? తుపాను వచ్చినను, వరద వచ్చినను, అంటురోగము వ్యాపించినను, ప్రభుత్వము రాకపోకలు నిలిపివేసినను, సెలవుల కొరకు ఇల్లు కుదుర్చుకొన్న ప్రతి కుటుంబమునకును ఈ ప్రశ్న యెదురగును. దీనికి న్యాయస్థానములు నూరేండ్లకు పైబడి సమాధానము వెదకుచున్నవి. ఆ వెదకులాట కథను తెలిసికొన్నచో మన ప్రశ్నకు కూడ దారి దొరకును.

కథ లండనులో మొదలైనది. 1902 జూన్ 26, 27 తేదీలలో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భమున అచ్చటి వీధులలో ఊరేగింపులు జరుగవలసి యుండెను. ఊరేగింపు సాగు దారిలో పాల్‌మాల్ అను వీధి యొకటి. ఆ వీధిలో క్రెల్ అను నతనికి కొన్ని గదులుండెను. వాని కిటికీలనుండి ఊరేగింపు చక్కగా కనిపించును. హెన్రీ అను నతడు ఆ రెండు పగళ్లకు, రాత్రులు మినహాయించి, ఆ గదులను 75 పౌన్లకు కుదుర్చుకొని 25 పౌన్లు ముందుగా చెల్లించెను. వారిద్దరును వ్రాసికొన్న జాబులలో ఊరేగింపు మాటయే లేదు. జూన్ 24వ తేదీన రాజునకు అత్యవసరముగా శస్త్రచికిత్స చేయవలసి వచ్చి ఊరేగింపులు ఆగిపోయినవి. గదులు మాత్రము ఎప్పటివలెనే యున్నవి. కిటికీలును ఉన్నవి. మిగిలిన 50 పౌన్లు చెల్లింపుమని క్రెల్ దావా వేసెను.

1903లో అప్పీలు న్యాయస్థానము ఆ దావాను త్రోసివేసినది. గది నిలిచియున్నదా లేదా యను నొక్క ప్రశ్నతో వ్యవహారము తీరదనియు, ఏ పునాదిపై ఆ ఒప్పందము నిలిచినదో చూడవలెననియు, ఆ పునాది ఊరేగింపేననియు, కాగితముపై వ్రాయకున్నను ఆ సంగతి ఇద్దరికిని తెలియుననియు న్యాయమూర్తులు చెప్పిరి. పునాది కూలినపుడు పైకట్టడము నిలువదు. రెండు పగళ్లకు 75 పౌన్లు అను ధరయే ఆ సంగతిని చాటుచున్నది గదా!

అదే సంవత్సరము అదే న్యాయస్థానమునకు మరియొక వ్యాజ్యము వచ్చినది. పట్టాభిషేక సందర్భముననే రాజు స్పిట్‌హెడ్ వద్ద నౌకాదళమును పరిశీలింపవలసి యుండెను. హట్టన్ అను నతడు జనులను ఎక్కించుకొని ఆ పరిశీలనమును చూపుటకును, నౌకల చుట్టును త్రిప్పుటకును ఒక స్టీమరును 250 పౌన్లకు కుదుర్చుకొనెను. రాజు రాలేదు, పరిశీలనము ఆగినది. కాని నౌకాదళము అచ్చటనే నిలిచియున్నది. చుట్టు తిరిగి చూచుటకు అడ్డమేమియు లేదు. కావున హట్టన్ బాధ్యత తీరలేదని న్యాయస్థానము నిర్ణయించినది. ముచ్చటలో ఒక భాగము తగ్గినంత మాత్రమున ఒప్పందము కూలదని దీని సారాంశము.

ఈ రెండు తీర్పులను మా మున్నారు సంగతికి పెట్టి చూతము. దారులు తెరిచియుండి, వానలవలన పూలు మాత్రము తక్కువగా పూచియుండినచో, మేము హట్టన్ వంటి వారము. కొండలున్నవి, తేయాకు తోటలున్నవి, ఇల్లున్నది. పూలు పూయలేదని అద్దె ఎగవేయుటకు మాకు హక్కు లేదు. దారియే తెగిపోయి, ఆ ఊరు చేరుటయే సాధ్యము కానపుడు మా స్థితి హెన్రీ స్థితికి దగ్గరగును. మేము కుదుర్చుకొన్నది నాలుగు గోడలను కాదు, ఆ తేదీలలో ఆ చోట బసను. ఆ సంగతి యజమానికిని తెలియును.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. హెన్రీ ఇంకను చెల్లింపని 50 పౌన్లనుండి తప్పించుకొనెను గాని, ముందుగా చెల్లించిన 25 పౌన్లు అతనికి తిరిగి రాలేదు. మొదట వానిని కోరి, పిదప ఆ కోరికను అతడే విడిచివేసెను. 1904లో ఊరేగింపు గదికే సంబంధించిన వేరొక వ్యాజ్యములో 100 పౌన్లు ముందిచ్చిన వానికి అవి తిరిగి రాకపోగా, ఊరేగింపు ఆగుటకు ముందే గడువు తీరిన 41 పౌన్ల పైచిలుకు బాకీ కూడ చెల్లింపవలెనని తీర్పు వచ్చినది. నష్టము ఎక్కడ పడినదో అక్కడనే పడియుండనిమ్మని ఆనాటి ఆంగ్ల న్యాయము. చెల్లించిన వాడు చెల్లించినట్లే, చెల్లింపని వాడు బ్రతికినట్లే. తొందరపడి ముందు ఇచ్చిన నమ్మకస్థునికి శిక్ష, ఆలస్యము చేసిన వానికి బహుమానము! ఈ అన్యాయము దాదాపు నలుబది యేండ్లు సాగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, లీడ్సు నగరమందలి యంత్రముల కంపెనీకి 1,000 పౌన్లు ముందిచ్చిన పోలెండు కంపెనీ యొకటి, తమ రేవు శత్రువుల వశమై యంత్రములు చేరుట అసాధ్యము కాగా, తమ సొమ్ము తమకిమ్మని అడిగినది. 1942లో ప్రభువుల సభ ఆ సొమ్మును తిరిగి యిప్పించి 1904 నాటి తీర్పును త్రోసివేసినది. కాని యంత్రముల కంపెనీ అప్పటికే పనిమీద వెచ్చించిన సొమ్మునకు గతి యేమి? ఆ లోటును 1943లో చేసిన చట్టము పూరించినది. ముందు చెల్లించినది తిరిగి యీయవలెను. అయితే పుచ్చుకొన్నవాడు ఆ పని కొరకు నిజముగా వెచ్చించినది ఉన్నచో, న్యాయస్థానము తగునని తోచినంత మినహాయించుకొన నిచ్చును. చూడుడు, ఇది ఇరువురి ముఖములను చూచిన న్యాయము.

మన దేశపు సంగతి యేమి? ఈ విషయమున మన శాసనము ఆంగ్లేయుల న్యాయముకంటె ఎంతో ముందున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 56వ సెక్షనులో, ఒప్పందము చేసికొన్న పిదప ఎవరి చేతిలోను లేని కారణమున ఆ పని అసాధ్యమైనచో ఒప్పందము చెల్లకుండ పోవునని యున్నది. 65వ సెక్షనులో, అట్లు చెల్లకుండ పోయినపుడు దానివలన లాభము పొందినవాడు ఆ లాభమును తిరిగి యీయవలెను, లేదా తగిన పరిహారము నీయవలెనని యున్నది. చట్టములోనే ఒక ఉదాహరణమును చేర్చిరి. ఒక గాయకుడు వేయి రూపాయలు ముందు పుచ్చుకొని కచేరీకి ఒప్పుకొనెను, జబ్బుచేసి పాడలేకపోయెను. కచేరీ జరిపించువానికి రాగల లాభము పోయినందులకు గాయకుడు బాధ్యుడు కాడు. కాని ముందు పుచ్చుకొన్న వేయి రూపాయలు తిరిగి యీయవలెను. ఇంగ్లండునకు 1942, 1943 సంవత్సరములలో తోచిన న్యాయము మన పుస్తకములో డెబ్బది యేండ్లకు ముందే యున్నది.

అసాధ్యమనగా ఏమి? ఆకాశము విరిగి మీద పడవలెనా? అక్కరలేదని 1954లో మన సుప్రీంకోర్టు సత్యవ్రత ఘోష్ వ్యాజ్యములో చెప్పినది. అక్షరాల అసాధ్యము కాకపోయినను, ఇరువురును మనసులో నుంచుకొన్న ప్రయోజనము దృష్ట్యా ఆ పని నిరర్థకమైనచో, ఒప్పందపు పునాదియే కదలినచో చాలును. కాని అదే తీర్పులో హద్దును కూడ గీసిరి. అనుకొన్నదానికంటె ఆలస్యమగుట, కష్టమగుట మాత్రము చాలవు. ఖర్చు పెరిగినంత మాత్రమున ఒప్పందము కూలదని 2017లో అదే న్యాయస్థానము మరల చెప్పినది.

దీనిని ఇంటి భాషలో చెప్పుకొందము. ప్రభుత్వము రాకపోకలు నిషేధించినది, లేక ఊరికి పోవు దారి తెగినది. అది అందరికిని వచ్చిన అడ్డము. ఇంటిలో ఒకరికి జ్వరము వచ్చినది, కార్యాలయములో సెలవు దొరకలేదు, విమానపు ఛార్జీ రెట్టింపైనది. అవి మనకు వచ్చిన అడ్డములు. దారి తెరిచియున్నది గాని భయము కలిగినది. అది మన నిర్ణయము. మొదటి రకములో సొమ్ము తిరిగి యడుగుటకు చట్టబలము కలదు. తక్కిన రెండింటిలో మనము యజమాని దయను, ఒప్పందపు షరతులను నమ్ముకొనవలసినదే.

తక్కిన రెండింటిలోనైనను బయానా అంతయు మ్రింగివేయుటకు యజమానికి హద్దు లేకపోలేదు. మన పల్లెలలో సంతలో ఎద్దును బేరము చేసిన వాడు చేతిలో పెట్టు సొమ్మును బయానా యందురు. పెద్దలు దానినే సంచకారమనిరి. మాట నిలుపుకొందునను జామీను అది. మాట తప్పిన పోవును. ధరలో ఒక భాగమును ముందుగా చెల్లించుట వేరు, అది అడ్వాన్సు. 1963లో సుప్రీంకోర్టు ఫతేచంద్ వ్యాజ్యములో ఈ భేదమును చూపినది. ఒక స్థిరాస్తి బేరములో వేయి రూపాయలు బయానాగాను, పిదప 24,000 రూపాయలు ధరలో భాగముగాను చెల్లించిన వాడు బేరము చెరిచెను. అమ్మువాడు ఆ వేయి రూపాయలు మాత్రము ఉంచుకొనవచ్చును గాని, తక్కిన 24,000 జప్తు చేయరాదని న్యాయస్థానము నిర్ణయించినది. చట్టము 74వ సెక్షను ప్రకారము మాట తప్పిన వానినుండి రాబట్టదగినది సమంజసమైన పరిహారమే. ఒప్పందములో వ్రాసికొన్న మొత్తము దానికి పై హద్దు మాత్రమే. మీరు విడిచిన గదిని యజమాని మరియొకరికి అదే అద్దెకు ఇచ్చియుండినచో, ఆయనకు కలిగిన నష్టమేమని అడుగుటకు మీకు అధికారము కలదు.

ఇంతకును మించిన మాట యొకటి కలదు. చట్టములోని ఈ న్యాయమంతయు ఒప్పందము మౌనముగా నున్నచోటనే పనిచేయును. వరద వచ్చిన ఏమగును, నిషేధము వచ్చిన ఏమగును అను సంగతిని ఇరువురును ముందే వ్రాసికొన్నచో, సాధారణముగా ఆ వ్రాతయే నడుచును. ఇంటర్నెట్టులో గది కుదుర్చుకొనునపుడు మనము చదువక నొక్కు "అంగీకరించితిని" అను మీట ఆ వ్రాతయే. దానిలో "ఎట్టి పరిస్థితులలోను సొమ్ము తిరిగి యీయబడదు" అని యుండవచ్చును. తరువాత దానిని అన్యాయపు షరతని వాదింపవచ్చును గాని, వాదము వేరు, చేతిలోని సొమ్ము వేరు.

ఇవన్నియు ఒక్కసారిగా పరీక్షకు వచ్చిన కాలము 2020. మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను అమలైనది. చిక్కుపడిన యాత్రికులకు, వైద్య సిబ్బందికి, అట్టి మరి కొందరికి తప్ప వసతిగృహములు అతిథులను చేర్చుకొనరాదని కేంద్రప్రభుత్వపు ఉత్తరువు. అనగా యజమాని ఇల్లు ఈయజాలడు, అతిథి బయలుదేరజాలడు. అసాధ్యమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. జూన్ 8 మొదలు, నిషిద్ధప్రాంతములు కానిచోట్ల, హోటళ్లు తెరచుటకు అనుమతి వచ్చినది. ఆ తరువాత రోగభయమున మానుకొన్నవారి స్థితి వేరు. ఒకే వ్యాధి, ఒకే సంవత్సరము. కాని తేదీని బట్టి న్యాయము మారినది.

ఆ దినములలో లోకమంతట ఈ తగవు నడచినది. ప్రపంచమంతట విడిది యిండ్లను కుదుర్చు ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ, 2020 మార్చి 14కు ముందుగాని ఆ తేదీనగాని కుదుర్చుకొని, ఆ మహమ్మారి తొలి వారములలో బసచేయవలసిన అతిథులకు సొమ్మంతయు తిరిగి యిచ్చునట్లు ఏర్పాటు చేసినది. అతిథులు సంతోషించిరి. ఇండ్ల యజమానులు మండిపడిరి. తమ షరతులను తమ్ము అడుగక మార్చిరని వారి మొర. ఆ సంస్థ ముఖ్యాధికారి యజమానులకు క్షమాపణ చెప్పుకొని, వారి కొరకు 25 కోట్ల డాలర్లు కేటాయించెను. తమ రద్దు షరతుల ప్రకారము రావలసినదానిలో నాలుగవవంతు వారికి దక్కునట్లు ఏర్పాటయ్యెను. బ్రిటనులో మార్కెట్ల పోటీని పర్యవేక్షించు ప్రభుత్వ సంస్థ, లాక్‌డౌను వలన బస దొరకని వారికి సొమ్ము తిరిగి యీయవలసినదేనని పట్టుబట్టినది. ఆ మీదట, పల్లెటూరి విడిది యిండ్లను అద్దెకిచ్చు పెద్ద సంస్థ యొకటి నగదు వాపసునకు 2020 జూన్‌లో ఒప్పుకొన్నది.

మన దేశమున విమాన టిక్కెట్ల సంగతి సుప్రీంకోర్టునకు పోయినది. 2020 అక్టోబరు 1వ తేదీ తీర్పులో, లాక్‌డౌను కాలమున ఆ కాలపు ప్రయాణములకే కొన్న టిక్కెట్ల సొమ్ము పూర్తిగా తిరిగి యీయవలెననిరి. అంతకుముందు కొన్నవారికి పదునైదు దినములలో వాపసు ఇయ్యవలెననియు, ఈయలేని కంపెనీలు 2021 మార్చి 31 వరకు చెల్లు జమ యీయవచ్చుననియు, ఆ జమకు నెలనెల కొంత హెచ్చు కలుపవలెననియు, గడువులోగా వాడుకొననిచో నగదే చెల్లింపవలెననియు నిర్ణయించిరి. ఈ తీర్పు విమానములకు చెందినది. విడిది యిండ్లకు నేరుగా వర్తింపదు. అయినను అందులో గృహస్థులు గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. నగదుకు బదులు "మరల వచ్చినపుడు వాడుకొనుడు" అని యిచ్చు చీటీ నగదుతో సమానము కాదు. చీటీ తీసికొన్నవాడు ఆ సంస్థకు వడ్డీలేని అప్పు ఇచ్చినవాడగును. గడువు తేదీ, హెచ్చు, మిగులు తిరిగి యిచ్చు షరతు, ఈ మూడును కాగితముపై లేని చీటీని ఒప్పుకొనరాదు.

తగవు తెగనపుడు పోవలసిన చోట్లను కూడ చెప్పవలెను. వినియోగదారుల జాతీయ సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటాడవచ్చును. అచ్చట తీరనిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఇల్లు కేరళలో నున్నను, సిమ్లాలో నున్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయుటకు ఆ చట్టము వీలు కల్పించినది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. కారణము కలిగిన రెండు సంవత్సరములలోగా వేయవలెను. ఇంటర్నెట్టు సంస్థలకు 2020లో చేసిన నియమములలో ఒకటి గుర్తుంచుకొనదగినది. తాము ఏకపక్షముగా రద్దుచేసినపుడు తామును అట్టి రుసుము భరించిననే గాని, ఆ సంస్థలు మీరు రద్దుచేసినందులకు మీనుండి రద్దు రుసుము వసూలు చేయరాదు.

కాని రెండు రాత్రుల బస సొమ్ముకై నెలల తరబడి తిరుగుట ఎవరికిని ఇంపు కాదు. మా అనుభవమున తేలినదేమనగా, ఈ తగవు వరద వచ్చిన దినమున పుట్టదు. బయానా పంపిన దినముననే పుట్టును. ఆ దినమున అయిదు నిమిషములు వెచ్చించినచో తరువాతి అయిదు నెలలు మిగులును. పంపు సొమ్ము తిరిగి రాని బయానాయా, అద్దెలో జమపడు అడ్వాన్సా? దారి మూతపడిన ఏమగును? అప్పటికి అతిథి కొరకు ఏయే ఖర్చులు పెట్టుదురు? తిరిగి యిచ్చునది నగదా, చీటీయా? ఎన్ని దినములలో? ఈ అయిదు ప్రశ్నలను ఫోనులో అడిగి, సమాధానములను ఒక చిన్న సందేశముగా వ్రాసి యజమానికి పంపి, "అవును" అని ఆయనచేత వ్రాయించుకొనవలెను. ఆ ఒక్క ముక్కయే మీ దస్తావేజు.

వ్రాయవలసినది కూడ పెద్దది కాదు. "ప్రభుత్వ నిషేధము, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడుట, అంటురోగము, వీనివలన విడిదికి చేరు దారి మూతపడినచో, అతిథి కొరకు అప్పటికి నిజముగా వెచ్చించిన సొమ్మును లెక్కచూపి మినహాయించుకొని, మిగిలినది పదునైదు దినములలో నగదుగా తిరిగి యీయవలెను. అతిథి కోరినచో మాత్రమే తేదీ మార్చవలెను." ఇంత చాలును. ఇందులో అతిథికి న్యాయము కలదు. దుప్పట్లు ఉతికించి, బియ్యము తెప్పించి, వచ్చిన వేరొక బేరమును వదలుకొన్న యజమానికిని న్యాయము కలదు. ప్రయాణపు బీమా తీసికొనువారు మరియొక సంగతి గమనింపవలెను. తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత కొన్న బీమా ఆ తుపానునకు సాధారణముగా పనికిరాదు. బయానా పంపిన నాడే బీమా కొనుట మేలు.

ఇక మా తగవు ఎట్లు ముగిసినదో చెప్పవలెను. మా వద్ద ఒక్క ముక్క వ్రాత లేదు. ఆయన వద్దను లేదు. రెండు వారములు ఇరువురమును ఫోనులో కఠినముగనే మాటాడుకొంటిమి. సెప్టెంబరులో ఒకనాడు ఆయన తానుగా ఫోను చేసెను. తమ యింటికి వచ్చు బాట సగము లోయలోనికి జారిపోయినదనియు, ఇరుగుపొరుగువారితో కలిసి మట్టి ఎత్తుచున్నామనియు, ఆ సంవత్సరము మరి అతిథులు వచ్చు ఆశ లేదనియు చెప్పెను. ఆ మాట విన్న పిమ్మట మాకు గొంతు పెగలలేదు. మా కొరకు వెచ్చించినదెంతయో నిజముగా చెప్పుమని మేమడిగితిమి. ఆయన సరకులు, చాకలి, పనిమనిషి కూలి లెక్కవేసి నాలుగు వేల చిల్లర యనెను. మేము ఎనిమిది వేలు ఉంచుకొమ్మంటిమి. నాలుగు దినములలో పండ్రెండు వేలు బ్యాంకులో జమపడినవి.

ఆ పరిష్కారము, 1943 నాటి ఆంగ్ల శాసనము చెప్పినదియు, 1872 నాటి మన శాసనము ఆశించినదియు ఇంచుమించు ఒక్కటేనని మాకు చాల కాలమునకు గాని తెలియలేదు. ముందే తెలిసియుండినచో ఆ రెండు వారముల పరుషవాక్యములు తప్పియుండెడివి. ఆయన లెక్కను మొదటనే అడిగియుందుము.

నీలకురింజి మరల 2030లో పూయవలసి యున్నది. మా పిల్లలు ఇప్పటికే ఆ మాట తలపెట్టుచున్నారు. ఆ యింటికే పోవుదమని వారి పట్టుదల. పోవుదము. ఈసారి బయానా పంపుటకు ముందు ఆ రెండు వాక్యములను వ్రాసి పంపి, ఆయన "అవును" అన్న తరువాతనే పంపుదుము.